చెరో పట్టీ

మావాడు నన్ను నడిరోడ్డు మీద తిట్టాడు. నేనని తెలియక తిట్టాడు కాబట్టి బతికిపోయాడు.

సాయంత్రం ఏడున్నరకి ఆసుపత్రి లాండ్రీలో డ్యూటీ దిగి, సైకిల్ మీద ఇంటికి వస్తున్నాను. ఫ్యాక్టరీ గోడ పొడుగునా దీపాలు లేని రోడ్డు ఒకటుంది. అక్కడ నా వెనక బ్రేకులు కీచుమన్నాయి. తిరిగి చూస్తే జానెడు దూరంలో పార్సిల్ వ్యాను. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమ్మా, చావడానికి నా బండే దొరికిందా?" అని అరిచాడు.

ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదా? "నీ బండే దొరికిందిరా. బయటివాళ్ళని ఇబ్బంది పెట్టడమెందుకని," అన్నాను.

వాడు స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. ముప్ఫై ఏళ్ళ మనిషిని నేను అలా ఎప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చాక భోజనాల దగ్గర తీర్పు చెప్పాడు. "రేపట్నించి నువ్వు పనికెళ్ళొద్దు."

"చెప్పడానికి నువ్వెవడివిరా?"

"నీ కొడుకుని."

"కొడుకువైతే కొడుకులా ఉండు. మొగుడిలా పెత్తనం చెయ్యకు. ఆయనే ఏనాడూ చెయ్యలేదు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధంతా ఎరిగిన సంగతే. కానీ ఆ పూట కోపం కన్నా భయమే ఎక్కువ వేసింది. మా ఆయన పోయాక నేను ఏడాది పాటు గోడలు చూస్తూ కూర్చున్నదాన్ని. తిన్నావా అంటే తిన్నానో లేదో గుర్తుండేది కాదు. లాండ్రీలో చేరి, నలుగురితో కలిసి తడి దుప్పట్లు పిండుతూ, వాగుతూ, పోట్లాడుతూ మళ్ళీ మనిషినయ్యాను. అది మానేస్తే ఏమైపోతానో నాకు బాగా తెలుసు.

వారం రోజులు అరుచుకున్నాక బేరం కుదిరింది. వాడి వ్యాను రోజూ ఆ వేళకి ఫ్యాక్టరీ రోడ్డు మొదట్లో ఉన్న వంతెన దిగి అదే రోడ్డున పోతుంది. వంతెన మీద నుంచే నేను కనిపించాలి. కనిపిస్తే వాడు ఇక నోరెత్తడు. శనివారం సాయంత్రానికి కూడా కనిపించకపోతే నేను పని మానేయాలి. మంచి లైటు కొనిస్తానన్నాడు గానీ నేనే వద్దన్నాను. పోయినేడు కొన్నదాన్ని సైకిల్ స్టాండులో మూడోరోజుకే ఎవడో ఊడబెరుక్కుపోయాడు. దొంగలకి లైట్లు పంచేంత ధర్మబుద్ధి నాకు లేదు.

ఖాళీ అయిన ఎర్ర షాంపూ సీసాలో చిన్న టార్చి దూర్చి, సీటు వెనక తాడుతో కట్టాను. వెలిగించగానే సీసా మొత్తం ఎర్రగా అయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ సాయంత్రం మావాడు ఏమీ కనిపించలేదన్నాడు. అబద్ధాలాడుతున్నావని వాడి మీద పడ్డాను. మర్నాడు అసలు సంగతి ఇస్త్రీ వదిన చెప్పింది.

"నీ యూనిఫాం కోటు దాని మీద పడుతోంది వదినా. వెలుగంతా నీ కోటుకే చూపిస్తున్నావు."

ఇస్త్రీ వదిన నాకు చుట్టమేమీ కాదు. ఆవిడ ఇస్త్రీ మిషను దగ్గర, నేను ఉతుకుడు దగ్గర. ఒకరినొకరం వదినా అనుకుంటాం. ఇళ్ళు ఒకే దారిలో కాబట్టి సైకిళ్ళ మీద కలిసే వస్తాం. నేను వాగుతూ ముందు, ఆవిడ వింటూ వెనక. వ్యాను గొడవైన రోజు ఆవిడ సెలవులో ఉంది.

కోటు మాట నా బుర్రలో ఇంకో ఆలోచన పుట్టించింది. అంబులెన్సు వాళ్ళ కోట్లు ఉతకడానికి మా దగ్గరికే వస్తాయి. వాటి మీద లైటు పడితే మెరిసే వెండి రంగు గుడ్డ పట్టీలుంటాయి. బాగా చిరిగిన కోట్లని నేల తుడిచే గుడ్డల కింద పడేస్తారు. సూపర్‌వైజరుని అడిగి నాలుగు కోట్లు తెచ్చుకుని, రెండు రాత్రులు కూర్చుని బ్లేడుతో పట్టీలు ఊడదీశాను. అన్నీ ముడతలే. ముడతలు చూస్తే నాకు చెయ్యి ఊరుకోదు. ఇస్త్రీపెట్టె బాగా కాల్చి గట్టిగా రుద్దాను. టార్చి వేసి చూస్తే మెరుపు లేదు, ఏమీ లేదు. బూడిద రంగు గుడ్డముక్కలు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

శనివారం పొద్దున అవి చూసి ఇస్త్రీ వదిన తల పట్టుకుంది. "ఇరవై ఏళ్ళ నుంచి ఇస్త్రీ చేసేదాన్ని పక్కనే పెట్టుకుని ఒక్క మాట అడగలేకపోయావా? ఆ కోట్లు నా మిషను దగ్గరికే రానివ్వరు. వేడి తగిలితే ఆ మెరుపు చచ్చిపోతుంది."

సంచి అడుగున వెతికితే నా ఇస్త్రీకి చిక్కని ముక్కలు రెండు దొరికాయి. ఒక్కోటి జానెడు కూడా లేదు.

"వీటితో ఏమవుతుంది, నా తలకాయ," అన్నాను.

"కాళ్ళకి కట్టుకో. కదలనిదాన్ని ఎవడు పట్టించుకుంటాడు? పైకీ కిందికీ ఆడుతుంటే ఎంత పరాకు మనిషైనా చూస్తాడు."

ఉతుక్కి వచ్చిన చిరిగిన ఆపరేషన్ టోపీల ఎలాస్టిక్ తీసి, మధ్యాహ్నం తిండి మానుకుని ఆవిడే రెండూ కుట్టింది. ఈ వయసులో నాకు కాళ్ళ పట్టీలేమిటంటే, "మోగవులే, ఎవరికీ తెలీదు," అంది.

ఆ సాయంత్రం ఫ్యాక్టరీ గోడ పక్కన వస్తుండగా వెనక నుంచి వెలుగు పడింది. వ్యాను నెమ్మదిగా వచ్చి, మాకు బాగా ఎడంగా దాటి, ముందు ఆగింది. మావాడు దిగాడు.

"వంతెన ఎక్కగానే కనిపించావమ్మా. రెండు పాదాలు పైకీ కిందికీ. ఎవరో తొక్కుతున్నారని అక్కణ్ణించే తెలిసిపోయింది."

"ఇప్పుడేమంటావు మరి?" అన్నాను. నా ఉద్యోగం నాకు దక్కింది. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

వాడు నన్ను చూడడం లేదు. నా వెనక చూస్తున్నాడు. "ఇస్త్రీ అత్త నీతోనే వస్తోందా?"

"రోజూ నాతోనేగా వస్తుంది."

"నాకు కనిపించలేదు. దగ్గరికొచ్చేదాకా కనిపించలేదమ్మా. నీకోసమని ఎడంగా తీశాను కాబట్టి సరిపోయింది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఉపాయం చెప్పింది ఆవిడ, తిండి మానేసి కుట్టింది ఆవిడ. నా పని, నా పంతం, నా కొడుకు అంటూ ఇన్నాళ్ళు ఆవిడ చెవులు తినేశాను గానీ ఒక్కసారైనా ఆవిడ కాళ్ళ వైపు చూడలేదు.

"నువ్వెందుకు కట్టుకోలేదు వదినా?" అన్నాను. సిగ్గు లేకపోతే సరి, ఆ మాట కూడా నేనే అడిగాను.

"నన్ను మానెయ్యమని పోట్లాడేవాళ్ళు ఎవరూ లేరుగా," అంది నెమ్మదిగా.

నేను రోడ్డు మీదే చతికిలబడి నా ఎడమకాలి పట్టీ ఊడదీశాను. ఆవిడ కాలు వెనక్కి లాక్కుంది. "వద్దు వదినా. ఒక్కటే ఉంటే అబ్బాయి ఒప్పుకోడు. నీ పని పోతుంది."

"పోతే పోయింది. కాలు కదపకు," అని ఆవిడ కుడికాలికి కట్టాను.

మావాడు వ్యాను తిప్పుకుని వంతెన వైపు వెళ్ళిపోయాడు. మేము సైకిళ్ళెక్కి తొక్కుతున్నాం. ఒక్క పట్టీ కనిపించకపోతే సోమవారం నేను ఇంట్లోనే. అయినా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

వెలుగు మళ్ళీ మా మీద పడింది. ఈసారి వ్యాను ఇంకా ఎడంగా వచ్చి, మా పక్కన నెమ్మదించింది. మావాడు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఇద్దరూ కనిపించారు," అన్నాడు. "సోమవారం కూడా ఇలాగే రండి."