ఇల్లు వెనక్కి జరిగిన ఏడాది

తూదా రోజూ పొద్దున్నే బార్లీ రొట్టె కాల్చి, గుడారం ముందు టీ కాచేది. తర్వాత కెటిల్ చేత్తో పట్టుకుని, చాప చంకన పెట్టుకుని, మొగుడు బాసూని వెంటబెట్టుకుని ఇంటివైపు నడిచేది. వాళ్లని చూడగానే ఇల్లు నాలుగడుగులు వెనక్కి జరిగేది.

భూకంపానికి ఆ కొండ ఊళ్లో నిలబడ్డ ఇళ్లు మూడే. తూదా వాళ్లది ఒకటి. పక్కనున్న పశువులపాక మాత్రం బాసూ మీద కూలింది. అతన్ని తవ్వి తీసేసరికి మధ్యాహ్నమైంది. ఆనాటినుంచి అతను కప్పు కింద కాలు పెట్టలేదు. ఇల్లూ మనిషిని దగ్గరికి రానివ్వలేదు. ఒకరోజు ఆక్రోటు చెట్ల దాకా పోయింది. పక్క గుడారం ఇజ్జా వచ్చి, మీ ఇల్లు మా మేకల దారికి అడ్డంగా ఉందని చెప్పి వెళ్లింది.

తూదాకి తెలిసిన ఉపాయం ఒకటే. ఇంటికి నలభై అడుగుల దూరంలో చాప పరిచి ఇద్దరూ టీ తాగేవాళ్లు. ఆ దూరంలో ఉంటే ఇల్లు కదిలేది కాదు. మర్నాడు చాప ఒకడుగు ముందుకి. ఒక్కోరోజు రెండడుగులు వెనక్కి.

"మచ్చిక చేస్తున్నది ఇంటినా, మొగుణ్ణా అక్కా?" అంది ఇజ్జా.

"ఎవరు ముందు లొంగితే వాళ్లని," అంది తూదా, నడుం పట్టుకుని.

డెబ్బై రోజులకు చాప గడప దగ్గరికి చేరింది. ఆ రోజే నేల కాస్త కదిలింది, గ్లాసులు గలగలమనేంత. ఇల్లు వాగు దాటిపోయింది. బాసూ రెండోవైపు పరిగెత్తాడు. తూదా ఒక్కతే కూర్చుని, చల్లారిన టీ తాగి, చాప చుట్టింది.

మళ్లీ నలభై అడుగుల దగ్గర మొదలు. ఈసారి అంత కాలం పట్టేలా లేదు. కానీ ఇంకా ఇరవై అడుగులుండగానే మంచు పడింది. తూదా జ్వరంతో లేవలేకపోయింది. పరుపు కింద నీళ్లు ఊరుతున్నాయి.

"ఇక నా వల్ల కాదు," అంది.

బాసూ చాలాసేపు ఆమె పక్కనే కూర్చున్నాడు. తర్వాత తనే టీ కాచి, మంచులో ఒక్కడే ఇంటివైపు వెళ్లి, నిలబడే తాగాడు. ఇల్లు కదల్లేదు.

"తూదా రాలేకపోయింది," అన్నాడు ఇంటితో. "ఒళ్లు కాలిపోతోంది. నాకూ భయంగానే ఉంది."

ఇల్లు ఒకడుగు ముందుకు వేసింది. ఇంకొకటి వేసింది. ద్వారబంధం అతని తలమీదుగా దాటింది. బాసూ కళ్లు మూసుకున్నాడు గానీ వెనక్కి పరిగెత్తలేదు. గోడకి చెయ్యి ఆనించి, ఇంటి లోపలే, ఇంటితోపాటు గుడారం దాకా నడిచాడు. తూదాని ఎత్తుకొచ్చి పొయ్యి పక్కన పడుకోబెట్టాడు.

ఆమె ఆ చలికాలం దాటింది. ఇప్పటికీ కొండ రోడ్డున బరువైన లారీ పోతే గోడలు వణుకుతాయి, బాసూ చేతులు వణుకుతాయి. అయినా ఇల్లూ అతనూ ఇద్దరూ ఉన్నచోటే ఉంటారు.