అడ్డచుట్ట పక్కన నాలుగు నెలలు

నేను ఒక టైటానియం స్క్రూను. పళ్ళ డాక్టర్లు నన్ను ఇంప్లాంట్ అంటారు. చిటికెన వేలి గోరంత పొడవు, ఒంటి చుట్టూ మరలు. ఊడిన పన్ను చోట దవడ ఎముకలో దిగి, పైన తొడిగే పింగాణీ పన్నుకు వేరుగా నిలవడం నా ఉద్యోగం. దుమ్ము కూడా చొరబడని గదిలో నన్ను చెక్కి, జీవితాంతం ఉంటానని అట్టపెట్టె మీద అచ్చు వేశారు. వస్తువుల ఆయుష్షు గురించి మనుషులు భలే ధీమాగా రాస్తారు.

శ్రీకాకుళంలో ఒక పళ్ళ ఆసుపత్రి అలమరాలో ఉండగా దాలమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. వరి ఊడుపుల్లో ఆడవాళ్ళ వరసకు పాట ఎత్తేది ఆవిడే. ఆవిడ ఒక చరణం అంటే మిగతా ఇరవై మందీ అందుకునేవారు. నిరుడు గట్టు మీద జారి పడి, పై వరసలో ముందు పన్ను ఊడింది. అప్పటి నుంచి 'తల్లి' అన్నా 'తమ్ముడు' అన్నా గాలి పోతోంది. వరసలో కిసుక్కున నవ్వారు. పాట వరసలో పక్కన నాటే తవిటమ్మ చేతికి పోయింది.

డాక్టరు ప్రణీత గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. తీసి పెట్టుకునే కట్టుడు పన్ను ఉందంది, పక్క పళ్ళు అరగదీసి కట్టే బ్రిడ్జి ఉందంది, చివరికి నన్నూ చూపించింది.

"తీసీది వొద్దు తల్లీ. పాడతన్నపుడు ఊడి బురదలో పడితే ఎవులు ఎతుకుతారు?" అంది దాలమ్మ. "బాగున్న పళ్ళు అరగదీయడమేటి, పాపం. ఈ మేకే దిగ్గొట్టీ."

ఈ మేకు కోసం రెండు మేకల్ని అమ్ముకుంది.

డాక్టరు కాగితం చూసి అడిగింది. "సిగరెట్టు, బీడీ తాగుతారా అమ్మా?"

"సీ, నాను మొగోడినేటి?"

"గుట్కా, ఖైనీ?"

"నేదు."

"మరి అంగిలి ఇలా తెల్లబడిందేం? టీ బాగా వేడిగా తాగుతారా?"

"పొగలు కక్కీదే తాగుతాను తల్లీ."

డాక్టరు 'వేడి టీ' అని రాసుకుంది. దాలమ్మ అబద్ధమాడలేదు. అడిగినవాటిలో చుట్ట లేదు, అంతే. అదీ అడ్డచుట్ట. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం ఆ వైపు ఆడవాళ్ళకు అమ్మమ్మల నాటి అలవాటు. చేతులు రెండూ బురదలో, నెత్తిన వాన; నిప్పు నోట్లో ఉంటే ఆరదు.

చైత్రంలో నన్ను ఎముకలో బిగించి చిగురు కుట్టారు. నాలుగు నెలల్లో ఎముక పెరిగి నన్ను పట్టుకోవాలి. ఎనిమిదో రోజున నొప్పి తగ్గింది. దాలమ్మ చుట్ట వెలిగించి, తిప్పి, నోట్లో పెట్టుకుంది.

ఏం చెప్పను? కుంపటి పక్కన కాపురం. ఆ వేడికి, ఆ పొగకు చిగురు వడలిపోయింది. నన్ను పట్టుకోవలసిన ఎముక రోజురోజుకూ కరిగి వెనక్కి పోయింది. నోట్లోనే ఉన్నాను గానీ నాకు నోరు లేదు. దాలమ్మ మాత్రం రోజూ వేలితో చిగురు తడిమి, "బేగి అతుక్కో నాయినా" అని నన్ను బతిమాలేది. మేకల మేత కోస్తూ కొత్త చరణాలు కట్టుకునేది. అవి విన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

శ్రావణంలో డాక్టరు నన్ను కదిపి చూసింది. ఊగాను. రెండు వేళ్ళతో లాగితే వచ్చేశాను. ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "దాలమ్మగారూ, మీరు ఏమైనా కాలుస్తారా?"

దాలమ్మ రొంటిన ఉన్న చుట్ట తీసి చూపించింది. "ఇదేనేటి? దీని మాట నువ్వు అడగనేదు కదమ్మా."

"అడగాల్సింది నేనే," అంది డాక్టరు నెమ్మదిగా. చుట్ట మానేస్తే, ఎముక పూడాక, ఏడాదికి మళ్ళీ ఊరికే పెడతానంది.

"నలపై ఏళ్ళ అలవాటు తల్లీ. సూస్తాను," అని దాలమ్మ నన్ను కాగితంలో చుట్టించుకుని రొంటిన దోపుకుంది.

మర్నాడే ఊడుపులు మొదలయ్యాయి. దాలమ్మకు కొత్త పన్ను వచ్చేస్తుందని ఊరంతటికీ తెలుసు. తవిటమ్మ తన చోటు వదిలి పక్కకు జరిగింది. "వొదినా, ఇయాల నువ్వే ఎత్తుకో."

ఇరవై మందీ నడుములెత్తి చూశారు. దాలమ్మ రొంటి తడిమి, నన్ను దాటి, చుట్టా అగ్గిపెట్టే తీసింది. వెలిగించి, నిప్పు కొసను లోపలికి పెట్టుకుని, పెదాలు బిగించి నారు మీదికి వంగింది. నోట్లో నిప్పున్న మనిషిని పాడమని ఎవరూ రెండోసారి అడగలేదు.