పదహారు టేపుల చెట్టు

టైలరు గారికి మాట ఇవ్వడం చాలా తేలిక. రేపటికి జాకెట్టు, ఎల్లుండికి ప్యాంటు అంటూ ముప్ఫై ఏళ్లుగా అందరికీ మాటలిచ్చి, ఆ తర్వాత మొహం చాటేస్తూ నెట్టుకొచ్చిన మనిషి. కానీ భార్యకిచ్చిన మాట సంగతి వేరు. "పెద్ద చెట్టంటే ఏమిటో నీకు చేత్తో చూపిస్తాను, రా" అన్నాడు.

ఆమెకి చూపు పోయి రెండేళ్లయింది. అంతకు ముందు కొట్లో ఆయన కత్తిరిస్తే ఆమె గుండీలు, కాజాలు, చేతికుట్లు చూసుకునేది. చూపు పోయాక సూదీ దారం ముట్టలేదు. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, పలకరిస్తే "ఊఁ" అనేది. ఇక నవ్వు సంగతి అడగక్కర్లేదు. ఈ ఒక్క రోజు ప్రయాణమూ దండగైతే ఆమె ఇక ఆ కుర్చీ దిగదని ఆయన భయం. అందుకే అడవి చూపించే చిన్న బస్సులో రెండు సీట్లు తీసుకున్నాడు.

బస్సులో ఇంకో పది మంది. గైడు వాళ్లకి కూతురి వయసు అమ్మాయి, మెడలో విజిల్. దారిపొడుగునా నోరు మూస్తే ఒట్టు. బస్సు దిగి అరగంట నడిచాక అందరూ ఒక్కసారిగా తలలు వెనక్కి వాల్చి "అబ్బో" అన్నారు. అదే ఆ అడవిలో అన్నిటికంటే లావు చెట్టు. దాని చుట్టూ దూరంగా తాడు కట్టి ఉంది.

"తాడు దాటకూడదండీ" అంది గైడు.

టైలరు గారి ప్రాణం ఉసూరుమంది. "ఒక్కసారి, తల్లీ. చెయ్యి ఆనించి వచ్చేస్తుంది."

"వీలవదు బాబాయి గారూ. దీని వేళ్లు పైపైనే ఉంటాయి, తొక్కితే మట్టి గట్టిపడిపోతుంది. ఒకరిని వదిలితే అందరినీ వదలాలి." అలా అన్నదే గానీ ఆ పిల్లకీ మనసొప్పలేదు. తాడు ఇవతల రాలిన బెరడు ముక్క ఏరి ఆమె చేతిలో పెట్టింది. "ఇది దీనిదేనమ్మా."

ఆమె వేళ్లతో రుద్ది చూసింది. "గోనెగుడ్డలా ఉంది. సరే, బెరడు తెలిసింది. మరి చెట్టు? ఎంత లావేమిటి?"

"చుట్టుకొలత ఇరవై నాలుగు మీటర్లమ్మా."

"ఇరవై నాలుగు మీటర్ల గుడ్డంటే తానుగా చుట్టి అరలో పెట్టేదాకా తెలుసు నాకు. అంత చెట్టు ఎలా ఉంటుందో ఏం తెలుస్తుంది? పోనీలెండి. మీరంతా చూసి రండి, నేను బస్సులో కూర్చుంటాను."

ఆ "పోనీలెండి" టైలరు గారికి గుచ్చుకుంది. రెండేళ్లుగా దేనికైనా అదే మాట. ఆమె ఒక్కసారి విసుక్కున్నా, తిట్టినా సంతోషించేవాడు.

అందరూ బస్సు దగ్గరికి తిరిగొచ్చారు. అక్కడ నేల చదునుగా, విశాలంగా ఉంది. టైలరు గారు జేబులో చెయ్యి పెట్టాడు. పెళ్లికి వెళ్లినా సరే, ఆయన జేబులో టేపూ దారపు రీలూ ఉండాల్సిందే.

"అమ్మాయీ, ఇక్కడ తాడేమీ లేదుగా?"

"లేదండీ."

"అయితే చెట్టుని ఇక్కడికే తెస్తాను."

టేపు చాచి, దాని పక్కనే దారం పరిచి, లోలోపల లెక్కపెట్టుకుంటూ కొలిచాడు. పళ్లతో తెంపి, రెండు కొసలూ ముడేశాడు. సంగతి అర్థమై గైడు విజిల్ ఊదింది. పది మందినీ గుండ్రంగా నిలబెట్టి, నడుము ఎత్తున దారం పట్టించింది. "ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి" అంటే ఒకాయన వెనక్కి నడిచి నడిచి బస్సుకి వీపు తగిలించుకున్నాడు. వాళ్లెవరూ ఆ చెట్టుని అంతవరకూ అంత శ్రద్ధగా చూసి ఉండరు.

టైలరు గారు భార్య చెయ్యి తీసి ముడి మీద పెట్టాడు. "ఇదే చెట్టు. తిరిగిరా."

మొదట వేలికొసలతో తడుముకుంటూ నాలుగడుగులు వేసింది. అంతలో ఆగి, వెనక్కి ముడి దగ్గరికొచ్చి, రెండు చేతులూ బార్లా చాచింది. కొట్లో టేపు కనబడనప్పుడల్లా ఆమె చేతులే టేపు. ఆమె బార సరిగ్గా టేపంత, అంటే మీటరున్నర. ఒక బార, ఇంకో బార, దారి మధ్యలో తగిలిన మనుషుల చేతుల మీదుగా సాగింది.

పదో బార దాటాక "ఇంకా ఉందా?" అంది.

"ఉందమ్మా" అంది గైడు.

"అమ్మో!" అందామె. ఆ గొంతు టైలరు గారు విని రెండేళ్లయింది. ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మళ్లీ ముడి దగ్గరికొచ్చి నిలబడింది. "ఏమండీ, ఇరవై నాలుగు మీటర్లంటే పదహారు టేపులు కదూ? నాకు పదిహేడొచ్చింది."

టైలరు గారు నాలుక కరుచుకున్నాడు. జన్మలో ఏ బట్టా సరిగ్గా కొలతకి కత్తిరించలేదు ఆయన. కుట్లలో ఎప్పుడూ కాస్త ఎక్కువ గుడ్డ వదులుతాడు. ఆ చెయ్యి ఆయన్ని అడక్కుండానే తన పని చేసేసింది.

"లూజు వదిలారు! చెట్టుకి కూడానా!" అంటూ ఆమె నవ్వింది. కడుపు పట్టుకుని, వంగిపోయి, దారం వదలకుండా నవ్వింది. పట్టుకున్నవాళ్లూ నవ్వడంతో చెట్టంతా ఊగింది.

"పెరిగే పిల్లలకి వదులుతాం కదా, ఆ అలవాటు" అని గొణిగాడాయన. "ఉండు, ఆ ఎక్కువది తెంపేస్తాను."

"ఇది కూడా ఇంకా పెరుగుతోందండీ. కొలిచిన ప్రతిసారీ కొంచెం ఎక్కువే వస్తుంది" అంది గైడు.

"తెంపకండి, అలాగే ఉంచండి" అందామె.

తిరుగుదారిలో ఆమే దారం రీలుకి చుట్టింది. ఒక్క చిక్కు పడలేదు. ఇల్లు చేరాక ఆయన రీలు కోసం చెయ్యి చాచితే, ఆమె దాన్ని తన సంచిలో వేసుకుంది.

"గుండీలు కుట్టాల్సిన చొక్కాలు ఎన్నున్నాయి?"

"ఆరు."

"రేపొద్దున సూదిలో దారం మీరెక్కించి ఇవ్వండి. మిగతా పని నాది."