రఫ్ఫు నిలవని బట్ట

మా అక్క రఫ్ఫు వేస్తే చిరుగు ఎక్కడుండేదో ఆ బట్ట వేసుకున్నవాళ్లకే తెలిసేది కాదు. నిప్పురవ్వ పడి కాలిన కోటు, ఎలుక కొరికిన శాలువా, మేకు పట్టి చీలిన పట్టుగుడ్డ, ఏదైనా సరే. ఆ బట్ట లోపలి అంచునుంచే పోగులు లాగి, ఒకటి కిందుగా ఒకటి పైగా అల్లి మూసేసేది. డ్రైక్లీనింగ్ దుకాణం వెనకగదిలో కిటికీ పక్క స్టూలు ఆమెది, ఇస్త్రీబల్ల నాది. ఇరవై రెండేళ్లుగా ఆమె చేతులు ఆడుతూ ఉన్నాయి, నా నోరు ఆడుతూ ఉంది.

ఆ చేతుల సంగతి నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని. ఎనిమిదేళ్లుగా పొద్దున లేచేసరికి ఆమె వేళ్లు బిగుసుకుపోతాయి, కణుపులు ఉబ్బుతాయి. వేడినీళ్లలో అరగంట ముంచితే గానీ పిడికిలి పడదు. కీళ్లవాతమని ఒక డాక్టరు మందులు రాస్తే, నొప్పి కాస్త తగ్గగానే మానేసింది.

"ఓనరు గారికి తెలిస్తే ఇంకో మనిషిని చూసుకుంటారే. నోరు మూసుకో," అనేది.

నాకు ఆమె నేర్పిన మొదటి పాఠమే అది. అతుకు ఎక్కడ పడిందో ఎవరికీ చూపించకూడదు.

ఈమధ్య ఒకరోజు అక్క కన్ను ఎర్రబడితే నలుసు పడిందనుకున్నాం. రెండో రోజుకు వెలుతురు చూడలేకపోయింది. సూదిలో దారం నేనెక్కించి ఇచ్చాను. మూడో రోజు ఓనరు గారే మమ్మల్ని తన కారులో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆయన మంచితనమే మా కొంప ముంచింది.

కౌంటరులో ఒక కాగితం ఇచ్చారు. అక్క కన్ను తెరవలేకపోతోంది కాబట్టి నేనే నింపాను. షుగరు లేదు. బీపీ లేదు. కీళ్ల నొప్పులు, వేళ్ల వాపు ఉన్నాయా? నా పెన్ను ఆగింది. ఓనరు గారు పక్కనే కూర్చుని కాగితంలోకి చూస్తున్నారు. అక్క నా మోకాలు గట్టిగా నొక్కింది.

"కన్ను చూపించుకోడానికొస్తే కీళ్ల గొడవెందుకమ్మా వీళ్లకి? బోడిగుండుకీ మోకాలికీ ముడి!" అన్నారాయన నవ్వుతూ.

నేనూ నవ్వాను. 'లేదు' దగ్గర టిక్కు పెట్టాను.

లోపల డాక్టరమ్మ కాగితం చూసి, "ఒంట్లో ఇంకే జబ్బూ లేదుగా?" అని మళ్లీ అడిగింది కూడా. ఓనరు గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "ఏం లేదండి," అంది అక్క, చేతులు సంచి కింద దాచుకుని. డాక్టరమ్మ చుక్కల మందు రాసి, తగ్గకపోతే మూడు రోజుల్లో రమ్మంది.

ఒక రోజు తగ్గినట్టే ఉండేది, మర్నాడు మళ్లీ మొదటికొచ్చేది. ఈ కోటొక్కటి పూర్తిచేసి వెళ్దామంటూ పన్నెండు రోజులు గడిపింది. నేను గొడవపడలేదా అంటే పడ్డాను. జుట్టు పట్టుకుని లాక్కెళ్లలేదు, అంతే. ఆ పని చెయ్యాల్సింది.

ఈసారి మేమిద్దరమే బస్సులో వెళ్లాం. డాక్టరమ్మ యంత్రంలోంచి చాలాసేపు చూసింది. తర్వాత కన్ను వదిలేసి అక్క చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూసింది.

"ఎప్పట్నించి ఇవి?"

"ఎనిమిదేళ్లు," అన్నాను.

"కాగితంలో లేదని ఉందే. ఎవరు రాశారు?"

"నేనే."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన బలమే తిరగబడి ఇన్నాళ్లూ కీళ్లను తింటోందట. ఇప్పుడు నల్లగుడ్డు మీదుండే అద్దంలాంటి పొరను అంచునుంచి తింటోందట. ఒకచోట కాగితంలా పలచబడింది. గట్టి మందులు మొదలుపెట్టినా అవి పనిచెయ్యడానికి వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆ పొర ఆగాలి.

"ఆగకపోతే?" అంది అక్క.

"జిగురుతో మూస్తాం. దానికీ ఆగకపోతే, చనిపోయినవాళ్లు దానం చేసిన కంటిపొర ముక్కతో అతుకు వేస్తాం."

అతుకు అనగానే అక్క ముఖం పైకెత్తింది. "చుట్టూ బట్ట పుచ్చిపోతుంటే అతుకు నిలవదు కదండీ," అంది.

"నిలవదమ్మా. ఒంట్లో జబ్బు ఆగితేనే నిలుస్తుంది. మొదటిరోజు అందుకే అడిగాను."

ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. సెలైను ఎక్కుతుంటే పక్కన నిలబడటం తప్ప నాకు పనిలేదు. ఎంత ముడతనైనా నిమిషంలో సాపు చేసేదాన్ని, ఊరికే దుప్పటి సర్దుతూ కూర్చున్నాను. నాలుగోరోజు పొద్దున, "ఏమే, కంట్లోంచి వెచ్చగా ఏదో కారింది," అంది అక్క. పొరకు చిల్లు పడింది, జిగురుతో మూసేంత చిన్నది కాదన్నారు. చూపు సంగతి చెప్పలేం, అతుకు వేసి కన్ను నిలబెట్టడానికి చూస్తామన్నారు.

కబురు తెలిసి ఓనరు గారు పరుగున వచ్చారు. వేళ్ల సంగతి ఇక దాచలేక, అక్కకు వినబడకుండా వరండాలో చెప్పేశాను. ఆయన తల దించుకున్నారు.

"నాకు తెలుసమ్మా. ఎనిమిదేళ్లుగా సన్నపని మధ్యాహ్నం దాటాకే ఎందుకు పంపుతున్నాననుకున్నావు? దాచుకుంటున్నారు కదా, ఎందుకు చిన్నబుచ్చడమని ఊరుకున్నా. ఆ రోజు కీళ్ల గొడవెందుకన్నదీ అందుకే."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. ఒకరి పరువు ఒకరం కంటికి రెప్పలా కాపాడుకున్నాం, కన్ను మాత్రం పోతోంది.

ఆపరేషనుకు ముందు నర్సు కాగితం తెచ్చింది. మళ్లీ అవే ప్రశ్నలు. కంటికి కట్టుతో, రెండో కన్నూ మూసుకుని పడుకున్న అక్క నా పెన్ను చప్పుడు విని అడిగింది.

"కీళ్ల దగ్గరికొచ్చావా?"

"వచ్చాను."

"ఓనరు గారు పక్కనే ఉన్నారా?"

"ఉన్నారు."

అక్క వంకరపోయిన వేళ్లతో నా మోకాలు తడుముకుంది. నొక్కలేదు. ఊరికే చెయ్యి ఆనించింది.

"ఉంటే ఉండనీ. ఉన్నాయని రాసెయ్."

అప్పటికే రాశాను. పదహారు రోజులు ఆలస్యంగా.