అందరి వెనకా దర్జీ

మా ఊరు ఏటా నడిచే ఆరోగ్య నడకలో ఆ ఏడు అందరికంటే ముందు గమ్యం చేరింది నేనే. ఒంటిమీద చెమట చుక్క కూడా లేదు.

నా సంగతికేం గానీ, ఆ వేళకి దర్జీ దారి రెండుగా విడిపోయే క్వారీ చీలిక దగ్గర రాతి స్తంభానికి కట్టిన ఎర్ర పీలిక ముడి విప్పుతున్నాడు. దారి తెలియడానికి ముందురోజే కొట్టులో మిగిలిన గుడ్డ చింపి పీలికలు కట్టేవాడు. నడకనాడు అందరి వెనకా వస్తూ, విప్పినవి మెడలో వేసుకునేవాడు. ఆఖరి మనిషిని దాటకూడదు. అదీ అతని పని. మెట్ల కింద కొట్టులో ఏళ్ళ తరబడి మిషను తొక్కి నడుం వంగిపోయింది. ఒంటిమీద ఎప్పుడూ ఎవరో కుట్టించుకుని తీసుకెళ్ళడం మరిచిన చొక్కాయే. ఊరందరి కొలతలూ అతనికి తెలుసు. అతని కొలత ఎవరూ తీయలేదు.

ఆరోజు ఆఖరి మనిషి బడిలో వంట చేసే ఆవిడ. నడకకి కొత్త.

"అన్నా, నా వెనకే రా. నన్ను దాటావో, నీ కొట్టు గడప తొక్కను" అని పొద్దున్నే బెదిరించింది.

"నువ్వు తొక్కితే గడప మిగులుతుందా చెల్లీ? నడు నడు."

చీలిక ఇంకా రాకముందే అతను రొమ్ము రుద్దుకోవడం ఆవిడ చూసింది. "ఏమైందన్నా?"

"సూది గుచ్చినట్టుంది. సూదులు నాకు కొత్తా?"

కాసేపటికి ఆవిడ కనిపించలేదు. అవసరానికి పొదల చాటుకి వెళ్ళింది. మగవాడికి ఎలా చెబుతుంది? ముందుకెళ్ళిపోయిందనుకుని దర్జీ పీలికలన్నీ విప్పుకుంటూ వచ్చేశాడు.

గమ్యం దగ్గర నీళ్ళ డ్రమ్ము పక్కన కుర్చీలో నేనున్నాను. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాను లెండి. అసలు బయలుదేరితే కదా చెమట పట్టేది!

"వంటావిడ వచ్చేసిందా బాబాయ్?"

"నీ వెనక లేదూ?"

అతని మొహం పాలిపోయింది. చీలిక దగ్గర తిన్నగా పోతే క్వారీ అంచే. కంచె లేదు. గుర్తు విప్పింది తనే. పొద్దు వాలుతోంది.

"ఆగరా, మనుషుల్ని పంపిస్తా!" అంటున్నాను. అప్పటికే పరుగు తీశాడు. అతను పరిగెత్తడం నేనెన్నడూ చూడలేదు. వెంటనే నలుగురిని తరిమాను. అందుకోలేకపోయారు.

ఆవిడ తిన్నగానే వెళ్ళింది. కాలికింద కంకర జారుతుంటే వెనక నుంచి బొంగురు గొంతు వినిపించింది.

"చెల్లీ! కదలకు!"

ఆగింది. కాలు తగిలిన రాయి ముందుకి దొర్లింది. అది నీళ్ళలో పడిన చప్పుడు చాలాసేపటికి వచ్చింది.

దర్జీ ఆవిడ చెయ్యి పట్టుకుని చీలిక దాకా తెచ్చాడు. మెడలోంచి ఒక పీలిక తీశాడు. "ఇటు నడు. ముడేసి నీ వెనకే వస్తా."

దారి పొడుగునా ఆవిడ అతన్ని తిడుతూనే వచ్చింది. మావాళ్ళు ఎదురై, అతనేడీ అన్నారు.

"నా వెనకే ఉన్నాడుగా" అని తిరిగి చూసింది.

స్తంభానికి ఆనుకుని కూర్చునే పోయాడు, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుని.

అతని ముడి ఇప్పటికీ ఊడలేదని ఊళ్ళో అందరికీ చెబుతుంటాను. అది మాత్రం నా కల్పన. ఆ పీలిక మొదటి గాలివానకే పోయింది. ఇప్పుడు స్తంభానికి ఉన్నది నేను కట్టిన ఎర్ర పీలిక, ఎంత బిగించినా వదులైపోతూ.