అడుగు మచ్చు

షహనాజ్‌కి గంట గడువు దొరికింది. ఆ గంటలో తన తప్పేమీ లేదని తేల్చుకోవాలి, లేదా ఆరేళ్ళుగా కూర్చున్న కుర్చీ వదిలి ఇంటికి నల్లపాడు ఆటో ఎక్కాలి.

గుంటూరు అరండల్‌పేటలో జయరావు గారి స్టూడియో అది. పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేది షహనాజ్. మార్టూరు పక్క మిరప రైతు యలమందయ్య గారు కూతురి పెళ్ళి వీడియో తీసుకెళ్ళి, వియ్యాలవారితో సహా ఇంటినిండా జనాన్ని కూర్చోబెట్టి టీవీలో పెట్టుకున్నాడు. జీలకర్రా బెల్లం దాకా బాగానే నడిచింది. సరిగ్గా తాళి కట్టే సమయానికి పెళ్ళికొడుకు మొహం ఆకుపచ్చ గళ్ళుగా చీలిపోయి బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ కదిలేసరికి అప్పగింతలు. అంతమంది ముందు ఆ పెద్దమనిషికి తల తీసేసినట్టయింది. అవదూ మరి! పొద్దున్నే ఫోన్ చేసి, పదకొండింటికి వస్తున్నానని మాత్రం చెప్పి పెట్టేశాడు.

నెలలో ఇలా పాడవడం మూడోసారి. మూడూ షహనాజ్ చేసినవే. జయరావు గారి బావమరిది శ్యామ్ సుందర్‌కి అంతకన్నా ఏం కావాలి? తాను కొత్త కార్డులు కొనిపెట్టినా ఈవిడకి పని చేతకావడం లేదని పదిగంటలకల్లా బావగారి చెవిలో ఊదేశాడు. స్టూడియోలో మిక్సింగ్ చేసే మిగతా ఇద్దరికీ రాని తంటా ఈవిడకే ఎందుకొస్తోందని నిలదీశాడు. పెళ్ళి వీడియో చివరిదాకా ఒకసారి చూసి ఇస్తానని ఆమె అంటున్నా వినకుండా పెన్‌డ్రైవ్ పట్టుకుపోయింది తానేనన్న సంగతి మాత్రం ఎత్తలేదు. కొందరికి జ్ఞాపకశక్తి అంత సౌకర్యంగా ఉంటుంది.

కార్డులంటే గ్రాఫిక్స్ కార్డులు. కంప్యూటర్లో బొమ్మల బరువంతా మోసేవి అవే. కిందటి నెల శ్యామ్ సుందర్ ఆన్‌లైన్‌లో ఎవడో ఊరూ పేరూ లేని వ్యాపారి దగ్గర చవగ్గా మూడు కొన్నాడు. ఒకేసారి ఎనిమిది జీబీల బొమ్మ పడుతుందని డబ్బామీద ఉంది. కంప్యూటర్లో చూసినా ఎనిమిదనే చూపిస్తోంది.

షహనాజ్ అనుమానం ఆ ఎనిమిది మీదే. ఆమె తండ్రి బాజీ ముప్పై ఏళ్ళుగా మిర్చి యార్డులో కొనేవాళ్ళ తరఫున బస్తాలోంచి మచ్చు తీసి సరుకు నాణ్యం చూసే మనిషి. మిరపకాయల బస్తాని అక్కడ టిక్కీ అంటారు. టిక్కీ మూతి దగ్గర కాయ ఎంత ఎర్రగా మెరిసినా బాజీ దానివైపు చూడడు. పక్కన కోత పెట్టి, మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగుకాయ తీస్తాడు. తెల్లగా పాలిపోయిన తాలుకాయ ఉంటే అక్కడే ఉంటుంది. సెలవుల్లో ఆయన వెనకాల తుమ్ముకుంటూ తిరిగిన పిల్లే షహనాజ్.

అందుకే ఆ పొద్దున అన్నం సంచిలో గిన్నెతోబాటు ఇంటి కంప్యూటర్ నుంచి ఊడదీసిన తన పాత కార్డు కూడా పెట్టుకొచ్చింది. నాలుగేళ్ళ కిందటిది, ఆరు జీబీలది, ఒక మూల గీతలు పడింది. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తానని జయరావు గారిని అడిగింది. ఆ పాత ఇనుమా అని శ్యామ్ సుందర్ నవ్వాడు. జయరావు గారు గడియారం చూసి, యలమందయ్య గారు వచ్చేలోగా తేల్చమని గంట గడువిచ్చారు.

"పెట్టె ఒకటే, పని ఒకటే. మారేది కార్డు ఒక్కటే సార్," అంది షహనాజ్.

ముందు ఒక పుట్టినరోజు వీడియో ముక్క వేసింది. కొత్త కార్డు రెండు నిమిషాల పది సెకన్లలో ముగించింది. అది తీసి పాతది బిగిస్తే రెండున్నర నిమిషాలు పట్టింది. ఇక చూడాలి శ్యామ్ సుందర్ సంబరం. బావగారి భుజం తట్టి, తేలిపోయింది కదా అన్నాడు. షహనాజ్ ఆ సెకన్లు మళ్ళీ ఒకసారి లెక్క చూసుకుంది. ఒకవేళ తన లెక్కే తప్పయితే? అయినా మళ్ళీ స్క్రూడ్రైవర్ తీసుకుంది. అది మూతి దగ్గర కాయే, ఇంకా అడుగు చూడలేదు అనుకుంది.

కొత్త కార్డు మళ్ళీ బిగిస్తుండగానే యలమందయ్య గారు అరగంట ముందే దిగబడ్డాడు. శ్యామ్ సుందర్ ఎదురెళ్ళి, మీ పెళ్ళి చెడగొట్టింది ఇదిగో ఈవిడేనండీ అని చూపించాడు.   షహనాజ్ చేతిలో ఉన్న స్క్రూ పూర్తిగా బిగించి ఆయనవైపు తిరిగింది.

"బాబాయ్ గారూ, ఒక్క పావుగంట కూర్చోండి. మీ టిక్కీయే కోస్తున్నాను," అంది.

టిక్కీ మాట వినగానే యలమందయ్య గారి కోపం సగం ఆగింది. కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు.

ఆయన కూతురి పెళ్ళిని నాలుగు కెమెరాలతో తీశారు. షహనాజ్ ఒక్కో కెమెరా బొమ్మనీ ఒకదానిమీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. కార్డు ఎంత నిండిందో తెరమీద ఒక గీత చూపిస్తోంది. రెండు జీబీలు దాటింది. బొమ్మమీద పూలు చల్లింది, మూడు. మండపం దీపాలు వేసింది, మూడున్నర. తాళి ఘట్టం తెచ్చి మీట నొక్కింది.

గీత నాలుగు దగ్గరికి వచ్చిందో లేదో, పెళ్ళికొడుకు మొహం ఆకుపచ్చ గళ్ళుగా చీలిపోయింది. తెర బిగుసుకుపోయింది.

"ఇదే, మా ఇంట్లోనూ ఇట్టాగే," అంటూ లేచి నిలబడ్డాడు యలమందయ్య గారు.

షహనాజ్ కొత్త కార్డు ఊడదీసి పాతది బిగించి, అదే పని మళ్ళీ పెట్టింది. గీత మూడు దాటింది, నాలుగు దాటింది. అయిదు దగ్గర ఫ్యాను పిండిమరలా రొద పెట్టింది. అయిదున్నర దగ్గర నీరసించి నత్తనడక పట్టింది. షహనాజ్ బల్ల అంచు పట్టుకుని గీతవైపు వంగింది. ఆగలేదు దాని కడుపు చల్లగుండ! పెళ్ళికొడుకు మూడు ముళ్ళూ వేశాడు, తలంబ్రాలు కురిశాయి, ఒక్క ఆకుపచ్చ గడి కూడా పడలేదు.

కంప్యూటరే ఎనిమిదని చూపిస్తుంటే ఇదేంటని శ్యామ్ సుందర్ గొణిగాడు.

"ఆ అంకె అమ్మినవాడు ఎక్కించిందన్నా. టిక్కీ మీద చీటీ కూడా అమ్మేవాడే కుడతాడు. లోపలున్నది నాలుగు. మిగతా ఇద్దరివీ చిన్న పనులు, వాళ్ళ చెయ్యి అడుగుదాకా పోలేదు. పెద్ద పెళ్ళిళ్ళన్నీ నాకే ఇస్తున్నారు కాబట్టి నా చేతికే తగిలింది."

"అంటే పైన మేలుకాయ పోసి, అడుగున తాలు నింపాడన్నమాట," అన్నాడు యలమందయ్య గారు. అలాంటివాళ్ళు తమ ఊళ్ళోనూ ఉన్నారని కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. ఆయన ఎప్పుడైనా నింపాడా అని ఎవరూ అడగలేదు.

ఆయన ఆ తాళి ఘట్టాన్ని మూడుసార్లు వేయించుకుని చూశాడు. తర్వాత వియ్యంకుడికి ఫోన్ చేసి, సాయంత్రం మళ్ళీ అందర్నీ పిలవమని అరిచి చెప్పాడు. జయరావు గారు మూడు కార్డులూ డబ్బాల్లో పెట్టి తిప్పి పంపమని బావమరిదికి పురమాయించారు. ఇకమీద ఏ కార్డు కొన్నా షహనాజ్ చూసి సరేనన్నాకే కొంటామని అందరి ముందూ చెప్పారు. అంతటితో సరిపెట్టుకునే మనిషి కాదు షహనాజ్.

"చివరిదాకా చూడకుండా నా దగ్గర్నుంచి ఒక్క పెన్‌డ్రైవ్ కూడా బయటికి పోదు సార్," అంది. ఆయన తలూపారు. శ్యామ్ సుందర్ డబ్బాలు వెతుక్కుంటూ లోపలికి పోయాడు.

అన్నం గిన్నె తెరవకుండానే షహనాజ్ మెట్ల మీదికి వచ్చి తండ్రికి ఫోన్ చేసింది. అటువైపు హమాలీల కేకలు, ఎవరివో తుమ్ములు.

"నాన్నా, ఇవాళ నేనూ ఒక టిక్కీ కోశాను."

బాజీ ఏ టిక్కీ అనలేదు, ఎక్కడ అనలేదు. ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నదే అడిగాడు.

"తాలెంత?"

"సగం నాన్నా. సగానికి సగం."

 బాజీ ఫోన్ దించకుండానే, తన కూతురు అడుగు మచ్చు తీసిందని యార్డంతా వినపడేలా చెప్పడం మొదలుపెట్టాడు.