ఇరవై ముగ్గురి కార్డు

తుఫాను వెళ్లిన తొమ్మిదో రోజు పొద్దున్నే రెవెన్యూ అధికారి మళ్లీ ప్రెస్సుకి వచ్చాడు. అచ్చుకి ముందు ప్రతి ప్రూఫూ ఆయనకి చూపించి తీరాలని ఆర్డరు. కాకినాడలో పాతికేళ్లుగా వారపత్రిక నడుపుతున్న దొరబాబుకి ఆ ఎర్రకలాన్ని చూస్తేనే ఒళ్లు మండేది. "మృతులు ఇరవై ముగ్గురు" అన్న మాట కొట్టేసి, అధికారి "నలుగురు" అని దిద్దాడు.

"ఉప్పాడ పక్క పల్లెలో శవాలు నా కళ్లతో చూశానండి. పేర్లన్నీ రాసుకొచ్చాను."

"వదంతులు రాస్తే ప్రెస్సుకి సీలేస్తాం. జనం భయపడిపోతారు."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు గానీ, ఈ ఏలినవారి లెక్కలో చచ్చినవాడికి పేరు కూడా మిగల్లేదు.

ఆయన వెళ్లాక లోవలక్ష్మి వచ్చింది. ఆమె మొగుడు బుల్లియ్య ఆ ఇరవై ముగ్గురిలో ఒకడు.

"ఎమర్జెన్సీలో సెన్సారు కొట్టేసినప్పుడు చేసినట్టు ఆ జాగా ఖాళీగా వదిలేస్తానమ్మా. చదివేవాళ్లకి అర్థమవుతుంది," అన్నాడు దొరబాబు. ఇరవయ్యేళ్లుగా ఆయన గొప్పగా చెప్పుకునే సంగతి అది.

"ఖాళీలో మా ఆయన పేరెక్కడుంటదండి?"

దొరబాబుకి సిగ్గేసింది. ఆమె చూపు బల్లమీది నల్ల అంచు కార్డు మీద పడింది. మండపేట మిల్లు యజమాని పెద్దకార్యానికి వేసిన ఆహ్వానం అది.

"దీన్ని కూడా ఆ బాబుగారు దిద్దుతారాండి?"

"చావు కార్డుకి ఆర్డరు లేదమ్మా."

"అయితే మావోళ్లకీ ఒకటెయ్యండి."

పల్లెలో ఎవరి చావుకీ కార్డు వేసిన ఆనవాయితీ లేదు. దొరబాబు చొక్కా విప్పి తనే అక్షరాలు కూర్చాడు. తుఫానులో పోయినవారి పెద్దకార్యం, ఇరవై మూడు పేర్లు, వయసులతో సహా. మర్నాడు చేపలమ్మే ఆడవాళ్లు వాటిని తట్టల్లో పెట్టుకుని కాకినాడలో గడపగడపకీ పంచారు.

మధ్యాహ్నానికి అధికారి కానిస్టేబుల్‌ని వెంటేసుకుని ఊడిపడ్డాడు. "మిగిలిన కార్డులు సీజ్. ప్రెస్సుకి తాళం."

"వేసుకోండి. ఏం అచ్చేసినందుకు వేస్తున్నారో పంచనామాలో అక్షరం పొల్లుపోకుండా ఉండాలండి. రేపు కోర్టులో అడుగుతారు."

"రాయవయ్యా!" అని కానిస్టేబుల్ మీద అరిచాడు అధికారి. కోపంలో ఉన్నవాడికి ముందుచూపు ఎక్కడిది? దొరబాబు కార్డు మొదటి మాట నుంచీ చదువుతుంటే కానిస్టేబుల్ ఒక్కో పేరూ రాసుకుంటూ పోయాడు. ఇరవై మూడోది అయ్యాక అధికారి కింద సంతకం పెట్టి, ముద్ర గుద్ది, ఒక కాపీ దొరబాబు చేతిలో పడేశాడు.

తాళం పడింది. దొరబాబు రోడ్డు మీద నిలబడ్డాడు. పాతికేళ్ల మెషీను లోపల ఉండిపోయింది. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"ప్రెస్సు పోయిందా బాబూ?" అంది అప్పుడే వచ్చిన లోవలక్ష్మి.

"పోయిందమ్మా. ఇదిగో, ఈ పంచనామా మిగిలింది." ఆమెకి చదువు రాదు. ఆమె వేలు పట్టుకుని ఏడో వరస మీద పెట్టాడు. "తుఫానులో పోయినవారు. ఇక్కడ బుల్లియ్య. కింద సర్కారు ముద్ర."

"ఆ బాబుగారే సంతకం పెట్టారాండి?"

"ఆయనే."

లోవలక్ష్మి కొంగు నడుముకి బిగించింది. "అయితే కలెక్టరాఫీసుకి పదండి. నలుగురే అన్నోళ్లు ఈ కాయితం పైకి చదివి చెప్పాలి."